పోలిక గ్రామంలో పెళ్ళి

కల్లంలో మిరపకాయలు ఆరబోసుకున్న రైతుకు వాన వస్తోందని ముందే చెబితే మేలు జరుగుతుందా? ఈ మాట మీరో నేనో అడిగితే, పనీపాటా లేదా అని పక్కవాడు నవ్విపోతాడు. అదే మాట విశ్వవిద్యాలయం వాళ్ళు అడిగితే దాన్ని పరిశోధన అంటారు. దానికి కొన్నేళ్ళ గడువూ, ఒక జీపూ, ఆ జీపుకొక డ్రైవరూ వస్తాయి.

మన మాల్యాద్రి ఆ జీపులో వెనక సీట్లో కూర్చునే రిసెర్చి స్కాలరు. వ్యవసాయార్థిక శాస్త్ర విభాగంలో డాక్టరేటు కోసం చేరి చాలా కాలమైంది. మొదట పట్టుకున్న అంశం పొగాకు. ఆ గైడుగారు రిటైరై వెళ్తూ వెళ్తూ అంశాన్ని కూడా వెంట తీసుకుపోయారు. రెండోసారి ఆచార్య త్రివిక్రమరావుగారి కింద చేరాడు. వచ్చే వేసవికి ఆ గడువూ తీరిపోతుంది. అప్పటికి థీసిస్ ఇవ్వకపోతే డిగ్రీ లేదు, ఉద్యోగం లేదు, మావాడు డాక్టరవుతున్నాడని ఊరంతా చెప్పుకున్న నాన్నకు మొహం చూపించే దారీ లేదు. అందుకని గైడుగారు నంది అంటే నంది, పంది అంటే పంది అనడం అలవాటు చేసుకున్నాడు.

రెండేళ్ళ కిందట త్రివిక్రమరావుగారు విదేశంలో ఏదో సదస్సుకు వెళ్ళి, అక్కడినుంచి పోలిక జబ్బు తగిలించుకుని వచ్చారు. కొత్త మందు పనిచేస్తుందో లేదో తేల్చడానికి వైద్యులు సగంమంది రోగులకు మందిచ్చి, మిగతా సగానికి ఉత్త పిండిబిళ్ళ ఇస్తారట. ఊళ్ళనూ అట్లాగే చూడాలన్నారాయన. ఒకేలాంటి రెండు ఊళ్ళు తీసుకోవాలి. ఒక ఊరికి మేలు చెయ్యాలి, రెండో ఊరికి ఏమీ చెయ్యకూడదు. చివర రెంటికీ వచ్చిన తేడా చూడాలి. ఆ తేడా ఒక్కటే సత్యం, మిగతాదంతా పుక్కిటి పురాణం. ఈ మాట విభాగంలో ఎంత గట్టిగా నాటుకుందంటే, ఎండాకాలంలో ఫ్యాన్లు చెడిపోతే సగం గదుల్లోనే బాగుచేయించి, మిగతా గదుల్లో కూర్చున్నవాళ్ళకు ఎంత చెమట పడుతోందో రాయించారు.

ఎంచుకున్న ఊళ్ళు ఎర్రగుంటపాలెం, ఉప్పలదిన్నె. నడుమ ఒక వాగు, అటూ ఇటూ మిరపతోటలు. కంప్యూటరు చీటీ తీసింది. ఎర్రగుంటపాలెం సలహా గ్రామం అయింది, ఉప్పలదిన్నె పోలిక గ్రామం అయింది. సలహా గ్రామంలో ప్రతి రైతు ఫోనుకూ 'శ్రేయోవాణి' వస్తుంది. తెగులు సంగతి, ధర సంగతి, అన్నిటికన్నా ముఖ్యంగా వాన సంగతి చెబుతుంది. టీవీలో కోస్తా అంతటికీ కలిపి అక్కడక్కడ జల్లులు అంటే ఏ రైతూ లేచి పట్ట కప్పడు. శ్రేయోవాణి అట్లా కాదు, ఈ ఊళ్ళో ఈ పూట అని చెప్పేది. విశ్వవిద్యాలయంలోనే ఉన్న వాతావరణ విభాగం నుంచి కబురు రాగానే మాల్యాద్రి తన ఫోనులోనే మాట రికార్డు చేసి ఊరంతటికీ పంపేవాడు. ఎర్రగుంటపాలెంలో చంటిపిల్లలు కూడా అతని గొంతు గుర్తుపట్టేవాళ్ళు.

ఉప్పలదిన్నెకు మాత్రం ఏమీ చెప్పకూడదు. నెలనెలా వెళ్ళి ఏం పండింది, ఏం ఎండింది అని అడిగి రాసుకురావాలి. వాళ్ళ పొద్దు పాడుచేస్తున్నందుకు గుర్తుగా ఏదైనా వస్తువు ఇద్దామన్నాడు మాల్యాద్రి. గొడుగు ఇద్దామంటే, దాన్ని చూస్తే వాన సంగతి స్ఫురిస్తుందన్నారు గైడుగారు. గోడ గడియారం ఇద్దామంటే, పనిలో క్రమం పెరిగి ఊరు బాగుపడుతుందన్నారు. చివరికి తలా ఒక నమస్కారం పెట్టి రమ్మన్నారు. అదే సమయంలో జిల్లా అంతటా మిరప రైతులకు టార్పాలిన్ పట్టలు పంచుతుంటే, శాస్త్రం పూర్తయ్యేదాకా ఉప్పలదిన్నెను మినహాయించవలసిందని విభాగం పైవారికి విన్నవించుకుంది. విన్నపం వెంటనే మన్నించారు. మన దేశంలో ఇవ్వమని అడిగితే ఆలస్యం గానీ, ఇవ్వొద్దని అడిగితే ఎంతసేపు.

మొదటి ఏడు తేడా ఏమీ రాలేదు. వాన పడలేదు గనక రాలేదని మామూలు మనిషి అనుకుంటాడు. త్రివిక్రమరావుగారు మామూలు మనిషి కారు. సలహా గ్రామంలో చెప్పిన మాట పోలిక గ్రామానికి పాకుతోందని అనుమానించారు. దానికి సమాచార మాలిన్యం అని పేరుపెట్టి, నివారణకు ఒక కమిటీ వేసి, తామే దానికి అధ్యక్షులయ్యారు. కమిటీ విచారించగా పాలవాడు రెండూళ్ళూ తిరుగుతున్నాడని తేలింది. అతన్ని పిలిపించి, ఉప్పలదిన్నెలో పాలు పోయవచ్చు గానీ మాట్లాడకూడదని చెప్పారు. పాలవాడు సంతోషంగా ఒప్పుకున్నాడు. ఆ నెలనుంచి, పాలలో నీళ్ళు ఎక్కువయ్యాయేమని అడిగినవాళ్ళకు కూడా అతను జవాబు చెప్పలేదు.

కమిటీ ఇట్లా సుఖంగా ఉన్న రోజుల్లో మాల్యాద్రి ఒక వార్త మోసుకొచ్చాడు. ఎర్రగుంటపాలెం అంకయ్య తన కూతురు మల్లీశ్వరిని ఉప్పలదిన్నె హజరత్తయ్య కొడుకు గురునాథానికి ఇస్తున్నాడు. మాఘమాసంలో పెళ్ళి.

త్రివిక్రమరావుగారు కళ్ళజోడు తీసి బల్లమీద పెట్టారు. రెండు ఊళ్ళూ అచ్చం ఒకేలా ఉన్నాయని కొలిచి తూచి ఎంచుకున్నది ఆయనే. నేల చూశారు, నీరు చూశారు, ఎడ్లను లెక్కపెట్టారు, ఎవరెంత చదివారో రాయించారు. ఆ ఊళ్ళవాళ్ళు తాతలనాటి నుంచీ ఒకరికొకరు పిల్లనిచ్చి పుచ్చుకుంటున్నారనీ, ఊళ్ళు ఒకేలా ఉండటానికి అసలు కారణం అదేననీ మాత్రం చూడలేదు. వియ్యానికి వాళ్ళ సర్వేలో గడి లేదు. మరి ఇప్పటికే ఉన్న చుట్టాల సంగతేమిటని మాల్యాద్రి మెల్లగా అడిగాడు. పాత వియ్యంకులు సాధారణంగా మాట్లాడుకోరు గనక ప్రమాదం లేదనీ, కొత్త వియ్యమే ప్రమాదమనీ ఆచార్యులవారు సెలవిచ్చారు.

పెళ్ళిపెద్దలను విశ్వవిద్యాలయానికి పిలిపించారు. జీపు పంపి మరీ పిలిపించారు. నున్నటి పొడుగు బల్లకు ఒక పక్క కమిటీ, ఒక పక్క అంకయ్య, హజరత్తయ్య కూర్చున్నారు. ముందు పెట్టిన జీడిపప్పును ఇద్దరూ ముట్టుకోలేదు.

"మా పిల్ల పెళ్ళికి మీకేంది సార్ ఇబ్బంది?" అన్నాడు అంకయ్య.

"వివాహం పట్ల విభాగానికి ఎట్టి అభ్యంతరమూ లేదు. అభ్యంతరమల్లా తదనంతరం ఉభయ పక్షాల నడుమ జరగబోయే సంభాషణ పట్ల మాత్రమే," అన్నారు త్రివిక్రమరావుగారు.

కోతలు అయిపోయి చివరి సర్వే ముగిసేదాకా పెళ్ళి వాయిదా వెయ్యవచ్చు కదా అని కమిటీ సూచించింది. మాఘం దాటితే మూఢమనీ, మంచాన ఉన్న తన తల్లి మనవడి పెళ్ళి చూడాలని కాచుకుని ఉందనీ హజరత్తయ్య చెప్పాడు. పోనీ అబ్బాయినే ఇల్లరికం పంపితే అతన్ని సలహా గ్రామస్తుడిగా పరిగణించే వెసులుబాటు ఉందన్నారు. హజరత్తయ్య పైపంచె దులుపుకుని లేచి నిలబడ్డాడు. మాల్యాద్రి రెండు చేతులూ పట్టుకుని బతిమాలి కూర్చోబెట్టాడు.

చివరికి కమిటీ షరతులు చదివి వినిపించింది. పెళ్ళి పందిట్లో ఆడపెళ్ళివారికీ మగపెళ్ళివారికీ నడుమ తెర కట్టాలి. అటువాళ్ళు ఇటువాళ్ళతో మాట్లాడరాదు. పెళ్ళయ్యాక కూడా చివరి సర్వే దాకా పెళ్ళికూతురు అత్తగారింట్లో మిరప ఊసు ఎత్తరాదు. ఎవరు మాట తప్పినా ఎర్రగుంటపాలేనికి శ్రేయోవాణి ఆ పూటే ఆగిపోతుంది. ఈ ఆఖరి మాట దగ్గర అంకయ్య మెత్తబడ్డాడు. కిందటి నెలలో నల్ల తామర పురుగు సంగతి శ్రేయోవాణి చెప్పబట్టే అతని తోట దక్కింది. తన ఒక్క ఇంటి పెళ్ళికోసం ఊరందరి నోరు కొట్టలేడు. తానూ మాట ఇచ్చాడు, ఊరివాళ్ళందరిచేతా మాట ఇప్పిస్తానన్నాడు. హజరత్తయ్యకు శ్రేయోవాణి అంటే ఏమిటో, ఇదంతా ఎందుకో తెలియదు. తెలియకుండా ఉండటమే అతని ఊరి పని గనక ఎవరూ చెప్పలేదు. యూనివర్సిటీ పెద్దలు పెళ్ళికొస్తున్నారు, అది చాలనుకున్నాడు.

షరతులు వివరించడానికి మాల్యాద్రి అంకయ్య ఇంటికి వెళ్ళినప్పుడు మల్లీశ్వరి అన్నీ శ్రద్ధగా విన్నది. "అన్నా, కూరలోకి నాలుగు మిరగాయలు దంచమని మా అత్త అడిగితే పలకొచ్చా, పలక్కూడదా?" అని అడిగింది. ఆ పిల్ల వెక్కిరిస్తోందో, నిజంగానే అడుగుతోందో మాల్యాద్రికి తెలియలేదు. కమిటీ ముందు పెట్టాడు. కమిటీ ఒక పూటంతా చర్చించి, వంటకు సరిపడు పరిమాణం వరకు సంభాషణను అనుమతించింది. పనిలో పనిగా ఇంకొకటి కూడా తీర్మానించింది. అమ్మాయి కాపురం ఎక్కడ చేసినా, పిల్లలు ఎక్కడ పుట్టినా, లెక్కల్లో మాత్రం పుట్టింట్లోనే ఉన్నట్టు.

మిగిలిన చిక్కు శ్రేయోవాణి. సలహాను ఒక్కరోజు ఆపినా పరిశోధన చెడుతుంది. ఆడపెళ్ళివారి ఫోన్లు పందిట్లో మోగితే పోలిక చెడుతుంది. ముందు నుయ్యి, వెనక గొయ్యి. దీనికి ఉపాయం త్రివిక్రమరావుగారే కనిపెట్టారు. తాళి కట్టే వేళ ఏ అపశకునపు మాటా చెవిన పడకుండా మనవాళ్ళు గట్టిమేళం వాయిస్తారు కదా. అట్లాగే శ్రేయోవాణి వచ్చినప్పుడల్లా గట్టిమేళం వాయించాలి. మన పూర్వులు ఎంత శాస్త్రీయంగా ఆలోచించారో అని ఆయన ఆ రోజంతా మురిసిపోయారు.

పెళ్ళి ఉప్పలదిన్నెలో, హజరత్తయ్య కల్లం పక్కనే వేసిన పందిట్లో జరిగింది. పెళ్ళికి వెళ్తూ పిల్లిని చంకన పెట్టుకుపోయినట్టు, మాల్యాద్రి వెంట నలుగురు స్కాలర్లు బిళ్ళలు తగిలించుకుని వచ్చి తెర పొడుగునా నిలబడ్డారు. ఎదురుకోలు మాటల్లేకుండా జరిగింది. వియ్యపురాళ్ళు తెర పైనుంచి ఒకరి చీర ఒకరు చూసుకుని ఊరుకున్నారు. ఫలహారాలు అందలేదని గానీ, కాఫీ చల్లారిందని గానీ ఒక్క మాట పుట్టలేదు. ఇంత మర్యాదైన పెళ్ళి తమ జన్మలో చూడలేదని పెద్దవాళ్ళు బెంగపడ్డారు. పెళ్ళికొడుకు మేనమామ అలగడానికి సిద్ధమై వచ్చినవాడు, అలిగితే బతిమాలేందుకు అవతలిపక్క మనిషి లేక, కాసేపు అటూ ఇటూ తిరిగి వంటవాళ్ళ మీద అలిగాడు.

జీలకర్రా బెల్లం అయింది. అప్పుడు వాతావరణ విభాగం నుంచి మాల్యాద్రికి కబురు వచ్చింది. మధ్యాహ్నం దాటాక ఉరుములతో గాలివాన, రెండూళ్ళ మీదా తప్పదు.

మాల్యాద్రి తల ఎత్తి చూశాడు. ఆకాశం తెల్లగా, ఎండ చురుక్కుమంటూ ఉంది. పందిరి పక్కన కల్లం నిండా హజరత్తయ్య కాయ ఎర్రగా పరుచుకుని ఉంది. ఇంకొక్క ఎండ పడితే బస్తాలకెత్తేదే. దాని అవతల ఇంకొకరి కల్లం, దాని అవతల మరొకరిది. ఊరి పంటంతా నేలమీదే ఉంది. అతను గడ్డివామి వెనక్కి వెళ్ళి ఫోను నోటి దగ్గర పెట్టుకున్నాడు. ఎర్రగుంటపాలెం రైతు సోదరులకు విజ్ఞప్తి, కాయలు వెంటనే కుప్పచేసి పట్టలు కప్పుకోవలెను అని ఎప్పటి గొంతుతోనే చెప్పి మీట నొక్కాడు. తెర దగ్గరున్న స్కాలరు ఒకడు మేళగాళ్ళకు చెయ్యి ఊపాడు. గట్టిమేళం అందుకుంది.

మేళం వినగానే పెళ్ళికొడుకు తాళి అందుకోబోయాడు. ఇంకా వేళ కాలేదని పంతులుగారు చెయ్యి పట్టుకుని ఆపారు. తెర అవతల ఎర్రగుంటపాలెం వాళ్ళంతా ఒక్కసారే ఫోన్లు చెవికి ఆనించుకున్నారు. విన్నారు. ఒక్కొక్కరే ఫోను దించి జేబులో పెట్టుకున్నారు. వాళ్ళ కల్లాలకు దిగులు లేదు. ఇళ్ళ దగ్గరున్నవాళ్ళూ విన్నారు, ఈపాటికి పట్టలు లాగుతుంటారు. అయినా ఒక్కరి మొహంలోనూ కళ లేదు. ఎదురుగా ఎర్రటి కల్లాలున్నాయి. అందరూ వాటివైపు చూడకుండా తమ చేతులవైపు చూసుకుంటున్నారు.

అంకయ్య తెర అంచు ఎత్తుకుని మాల్యాద్రి దగ్గరికి వచ్చాడు. కన్యాదానం చేసిన చేతులు ఇంకా తడిగానే ఉన్నాయి.

"ఆ కల్లం చూశావా అబ్బయ్యా, రేపట్నించీ నా పిల్ల తినే కూడు అది," అన్నాడు. "నేనైతే నోరిప్పను. మాటిచ్చా. మా ఊరోళ్ళంతా ఇచ్చారు. నీ దగ్గర ఎవురూ మాట తీసుకున్నట్టు లేరే."

నిజమే. పాలవాడి దగ్గర తీసుకున్నారు, పెళ్ళికూతురి దగ్గర తీసుకున్నారు, మేళగాళ్ళ దగ్గర కూడా తీసుకున్నారు. స్కాలరు నోరు విప్పగలడన్న ఆలోచన కమిటీలో ఎవరికీ రాలేదు. మాల్యాద్రికి కూడా అప్పటిదాకా రాలేదు.

ధైర్యం చాలక గైడుగారికి ఫోన్ చేశాడు. వాన వస్తోందని చెప్పాడు. అవతల త్రివిక్రమరావుగారి గొంతు ఆనందంతో బొంగురుపోయింది. ఇన్నాళ్ళకు ప్రకృతి శాస్త్రానికి సహకరిస్తోందన్నారు. "నువ్వు ఉద్వేగానికి లోను కావద్దు మాల్యాద్రీ. కాయ తడవడం నీ బాధ్యత కాదు. తడిసిన శాతం నమోదు చెయ్యడం నీ బాధ్యత," అన్నారు.

మాల్యాద్రికి తన మీద తనకే రోత పుట్టింది. డిగ్రీ గుర్తొచ్చింది, నాన్న గుర్తొచ్చాడు, గడువు గుర్తొచ్చింది. అవన్నీ ఉండగానే కాళ్ళు మేళం దగ్గరికి నడిచాయి. డోలు మీద రెండు చేతులూ ఆనించాడు. డోలు ఆగింది, సన్నాయి ఆగింది. ఇన్నేళ్ళూ రేడియోలో మనిషిలా మాట్లాడినవాడికి, ఆ క్షణాన వాళ్ళమ్మ మాట నోటికొచ్చింది.

"గాలివాన వచ్చిద్ది. మధ్యాన్నం తిరిగేసరికి వచ్చిద్ది. కాయ ఎత్తుకోండి," అన్నాడు.

ఇంత ఎండలో వానేమిటని ఉప్పలదిన్నె వాళ్ళు మొహమొహాలు చూసుకున్నారు. ఆ గొంతు ఎరిగిన ఎర్రగుంటపాలెం వాళ్ళు మాత్రం అప్పటికే తెర దాటేశారు. వాళ్ళను చూసి వీళ్ళూ లేచారు. పెళ్ళికొడుకు కూడా లేవబోతే, రెండు నిమిషాల పని కట్టేసి పో నాయనా అని పంతులుగారు కూర్చోబెట్టారు. తాళి కట్టి, బాసికం నుదుటనే ఉండగా గురునాథం పంచె ఎగ్గట్టి కల్లంలోకి దిగాడు. మల్లీశ్వరి పూలజడ మెడకు చుట్టుకుని అతని వెనకే దిగింది.

ఆ ఊళ్ళో పట్టలు లేవని చెప్పాను కదా. షామియానాలు విప్పారు. జంపఖానాలు లాగారు. కమిటీవారి తెర పొడుగ్గా ఉందని దాన్నీ చింపకుండా తీసుకుపోయి రెండు కల్లాల మీద కప్పారు. అంకయ్య, హజరత్తయ్య చెరో కొసా పట్టుకున్నారు. ఎటు లాగాలన్న దగ్గర ఇద్దరికీ మాటా మాటా పెరిగింది. వియ్యంకులు గట్టిగా అరుచుకుంటుంటే, ఇప్పటికి పెళ్ళిలా ఉందని ముసలమ్మలు తృప్తిపడ్డారు. మొదటి చినుకు పడేసరికి ఊళ్ళో కాయంతా కప్పులోకి చేరింది.

మర్నాడు మాల్యాద్రి గైడుగారి గదికి వెళ్ళి, తానే చెప్పానని ఒప్పుకున్నాడు. డిగ్రీ మీద ఆశ వదులుకునే వెళ్ళాడు. త్రివిక్రమరావుగారు లెక్క వేసుకున్నారు. తన స్కాలరే మాలిన్యం చేశాడని పైవాళ్ళకు రాస్తే ముందు పోయేది జీపు.

"నువ్వు చెప్పావన్నది మన కొలతల్లో లేదు," అన్నారు చివరికి. "సలహా గ్రామంలో కాయ తడవలేదు. పోలిక గ్రామంలోనూ కాయ తడవలేదు. ఉన్నదున్నట్టు రాయడమే శాస్త్రం."

ఉన్నదున్నట్టే రాశారు. రెండు ఊళ్ళకూ తేడా లేదు గనక, వాన కబురు ముందుగా చెప్పడంవల్ల మిరప రైతుకు ప్రయోజనం లేదని తేలింది. ఆ వాక్యం దగ్గర మాల్యాద్రి రెండుసార్లు కలం కింద పెట్టాడు. కానీ వేసవి దగ్గర పడింది, రాసేశాడు. పరీక్షకు వచ్చిన పెద్దలు, నచ్చని ఫలితాన్ని కూడా నిర్భయంగా ప్రకటించిన నిజాయితీకి అతన్ని మెచ్చుకున్నారు. డాక్టర్ మాల్యాద్రి అదే విభాగంలో తాత్కాలికోపన్యాసకుడయ్యాడు. ప్రయోజనం లేదని రుజువైన శ్రేయోవాణిని ఆపేశారు. జిల్లా అంతటికీ విస్తరించాలన్న ఆలోచననూ మానుకున్నారు.

మాల్యాద్రికి కంటిమీద కునుకు పట్టలేదు. మరుసటి ఏడు కాయ కల్లాల్లోకి వచ్చిన దగ్గర్నుంచీ రోజూ వాతావరణ విభాగంలో తెలిసిన మనిషిని అడిగి, వాన కబురుంటే సొంత ఫోనులోంచి అంకయ్యకూ హజరత్తయ్యకూ చెప్పేవాడు. వాళ్ళు వాళ్ళ ఊళ్ళకు చెప్పేవాళ్ళు. రెండుసార్లు వాన పడింది. రెండు ఊళ్ళలోనూ కాయ తడవలేదు.

శ్రేయోవాణి ఆపేశాక కూడా కాయ తడవకపోవడం విభాగాన్ని ఆశ్చర్యంలో ముంచింది. అప్పటికే త్రివిక్రమరావుగారు ఇంకో సదస్సుకు వెళ్ళి, సంప్రదాయ విజ్ఞానం అనే మాట పట్టుకొచ్చి ఉన్నారు. జీపెక్కి, మాల్యాద్రిని పక్కన కూర్చోబెట్టుకుని, ఎర్రగుంటపాలెం వెళ్ళారు. వాన వస్తుందని ముందే మీకెట్లా తెలుస్తోందని అంకయ్యను అడిగారు.

అంకయ్య మాల్యాద్రివైపు చూశాడు. మాల్యాద్రి నేలవైపు చూశాడు. నిజం చెబితే ఈ కుర్రవాడి ఉద్యోగం పోతుందని అంకయ్యకు అర్థమైంది. తన బిడ్డ కూడు నిలబెట్టినవాడు. చుట్టూ చూస్తే కొట్టంలో గేదె కనబడింది.

"మా గేదె ఎడం చెవి ఇదిలిస్తే ఆ పూట వానే సార్," అన్నాడు.

"మరి కుడి చెవి?"

"కుడిచెవి ఈగలకి."

త్రివిక్రమరావుగారికి కళ్ళనీళ్ళు తిరిగాయి. అధునాతన విజ్ఞానం ఉపగ్రహాలతో వెతుకుతున్నది మన పశుసంపద చెవిలోనే నిక్షిప్తమై ఉందని ఆ నెలలోనే వ్యాసం ప్రచురించారు. మహిష కర్ణ చలన ప్రాజెక్టు మంజూరైంది. జిల్లాలోని మిరప రైతులందరికీ మండలాల వారీగా శిక్షణ ఇచ్చారు. గేదెకు ఏ పక్కన నిలబడాలో, విదిలింపుకూ వణుకుకూ తేడా ఏమిటో బొమ్మలు వేసి చూపించారు. శిక్షణకు బాధ్యుడు డాక్టర్ మాల్యాద్రి. చెప్పేటప్పుడు అతను రైతుల మొహాలు చూడలేకపోయేవాడు.

ఆ తరువాతి ఏడు ఫాల్గుణంలో పెద్దవాన వచ్చింది. కబురు తెలియగానే మాల్యాద్రి రెండు ఊళ్ళకూ చెప్పాడు. మర్నాడు బస్సెక్కి ఆ రెండు ఊళ్ళూ చూసొద్దామని బయల్దేరాడు. దారి పొడుగునా రోడ్డు అంచుల్లో తడిసిన కాయ పరిచి ఉంది. ఎర్రటి కాయ తెల్లబారిపోయి, ముక్కిపోయిన వాసన వేస్తోంది. బస్సాగినచోట దిగి, ఒక ఇంటి ముందు కాయ ఏరుకుంటున్న ఆడమనిషిని పలకరించాడు. శిక్షణ తరగతిలో ముందు వరుసలో కూర్చున్న మనిషే. ఆమెకు కోపం లేదు.

"మా గేదె ఇదిలీలేదు సారూ. నేనే సరిగ్గా చూళ్ళేదేమో," అన్నది.

మాల్యాద్రికి ఏడుపొచ్చింది. రెండు ఊళ్ళూ చూడకుండానే వెనుదిరిగి, సరాసరి త్రివిక్రమరావుగారి గదికి వెళ్ళాడు. ఉద్యోగం పోనీ, డిగ్రీ పోనీ అనుకున్నాడు. గేదె చెవి అబద్ధమనీ, రెండేళ్ళుగా తానే ఆ ఊళ్ళకు ఫోన్ చేస్తున్నాననీ నిలబడే చెప్పాడు.

ఆచార్యులవారు కలం మూశారు.

"రెండు ఊళ్ళకేనా?"

"రెంటికే సార్."

"మిగతా ఊళ్ళలో ఒక్క ఊరికి కూడా చెప్పలేదు?"

"లేదు సార్."

"అక్కడంతా తడిసింది?"

"మొత్తం తడిసింది సార్. చూసే వస్తున్నాను."

త్రివిక్రమరావుగారు కుర్చీలోంచి లేచి వచ్చి మాల్యాద్రిని కౌగలించుకున్నారు. రెండు సలహా గ్రామాలు, జిల్లా అంతా పోలిక గ్రామం, ఇంత పెద్ద పోలిక ప్రపంచంలో ఏ విశ్వవిద్యాలయానికీ దక్కలేదన్నారు. పాత థీసిస్‌లో రాసింది తప్పని ఒప్పుకోవడానికి కూడా ఆయనకు అభ్యంతరం లేదు, ఇది దానికన్నా గొప్ప ఫలితం. ఒక్క ఏడు వానతో లోకం నమ్మదు గనక ఇంకొక్క ఏడు ఇట్లాగే నడిపించాలన్నారు. మిగతా ఊళ్ళకు పొరపాటున కూడా మాట పొక్కకూడదన్నారు.

"వచ్చే వానకి అందరికీ చెప్పేస్తాను సార్," అన్నాడు మాల్యాద్రి.

ఆచార్యులవారు జాలిగా చూశారు. ఇన్నేళ్ళు చదివినా ఈ కుర్రవాడికి మూలసూత్రం ఒంటబట్టలేదు.

"అందరికీ చెబితే ఇక తేడా ఎక్కడినుంచి వస్తుంది నాయనా?"

"రాదు సార్," అని మాల్యాద్రి వాతావరణ విభాగం వైపు నడిచాడు.